ఎర్ర రంగు మాట

తుఫాను మా దీవిని దాటాక, ఆఫీసరు ఇంటింటికీ తిరిగి ఎర్ర రంగుతో ఇంగ్లిషు మాటలు రాశాడు. నా గోడకి 'డ్యామేజ్డ్' అట, పైకప్పుకి రేకులిస్తారు. పక్కింటి జోజెట్‌కి 'డిస్ట్రాయ్డ్' అట, ఏకంగా కొత్తిల్లు! రెండూ విరగడమే కదా?

కడుపు మండి, సుత్తి తెచ్చి నా గోడనే పడగొట్టబోయాను. జోజెట్ పరుగెత్తుకొచ్చింది.

"ఏం మహారాణీ, ఆఫీసరుకి ఫిర్యాదు చేస్తావా? చేసుకో! కొత్తింటి విందులో ఆయనకి రమ్ము పోయిస్తావుగా!" అన్నాను.

"కొట్టకక్కా!" అంటూ గోడకి అడ్డం నిలబడింది. "ఈ గోడని చూసి నేనే కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నా. వానొస్తోంది. పిల్లల్ని దీని చాటున పడుకోబెట్టనిస్తావా?"

పొద్దుటినుంచీ ఆమెకొచ్చిన మాటనే చూశాను. అది ఆమె వాకిలి మెట్టు మీద ఉందని చూడలేదు. రాయడానికి ఆఫీసరుకి అక్కడ గోడ దొరకలేదు.