కెల్విన్ నమిలే గోధుమ

“నీ గోధుమకి కాలేజీ చదువు చెప్పించావు. చివరికి వచ్చి నా దాణా గోధుమ పక్కనే కూచుంది!” అంటూ పక్క పొలం కెల్విన్, నా షెడ్డులో విత్తనానికి దాచిన గింజలు గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు.

నేను వేసేది రొట్టెల రకం, అతను వేసేది పశువుల దాణా రకం. ఈసారి మా విమ్మెరా ప్రాంతంలో రెంటి ధరల మధ్య ఉన్న తేడా, నేను అదనంగా చల్లిన ఎరువు ఖర్చుకు కూడా చాలలేదు.

“నవ్వు నవ్వు. వచ్చే ఏడు నేనూ దాణా రకమే వేస్తా. విత్తనం నువ్వే ఇవ్వాలి.”

కెల్విన్ నమలడం ఆపాడు. “ఇవ్వను.”

“అదేంట్రా? ఇన్నేళ్లూ అదే వెయ్యమని నా ప్రాణం తీశావుగా!”

“నా గోధుమ నమిలితే పిండై కరిగిపోతుంది. నీదైతే బంకలా సాగుతుంది. నువ్వూ నా రకమే వేస్తే, సాయంత్రాలు ఏం వంక పెట్టుకుని నీ గేటు దాటను?”

మా ఆవిడ నోరీన్ చనిపోయిన ఏడాదే అతనికి ఈ నమిలే అలవాటు పట్టుకుందని నాకప్పుడు తట్టింది.

“సరే, ఇంటి పక్క చేలో మాత్రం రొట్టెల రకమే వేస్తాను,” అన్నాను. “ఇక చెయ్యి తియ్యి. అంతా నువ్వే మెక్కేస్తే విత్తనానికేం మిగులుతుంది?”