నంబర్లు వేసే మనిషి

కేస్ షీట్‌లో ఒక పేజీ మార్చేస్తే చాలని డాక్టర్ కృష్ణమోహన్ తేల్చుకున్నాడు. ఆ ఒక్క పేజీ మాయమైతే లైసెన్సు, అమెరికాలోని అరోరా ఊరి చుట్టుపక్కల పదేళ్లుగా సంపాదించుకున్న పేరు, తెలుగు సంఘం మీటింగుల్లో ముందు వరస కుర్చీ, అన్నీ పదిలంగా ఉంటాయని అతని లెక్క.

సంగతేమిటంటే, హాల్వర్సన్ అనే పెద్దాయనను శుక్రవారం ఆస్పత్రిలో చేర్చుకున్నది కృష్ణమోహనే. ఆదివారం అయ్యగారు సెలవులో ఉండగా డ్యూటీ డాక్టర్ పాత కాగితాలేవీ తిరగెయ్యకుండా పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. హాల్వర్సన్‌కు పెన్సిలిన్ పడదు. గంటలో ప్రాణం పోయింది. పడదని చేర్చిన రోజే కృష్ణమోహన్‌కు చెప్పానంటూ ఆయన భార్య కేసు వేసింది. కృష్ణమోహన్ ఆ మాట అడ్మిషన్ పేజీలో రాసి ఉంటే తప్పు డ్యూటీ డాక్టర్‌ది. రాయకపోతే కృష్ణమోహన్‌ది.

రాశాడా? గుర్తు లేదు. రోజుకు నలభై మందిని చూసే మహానుభావుడికి ఎవరి భార్య ఏం చెప్పిందో గుర్తుండాలంటే ఎలా? ఏ మందు పడదో అడగడం అతనికి అరుదు, అడిగినా రాయడం ఇంకా అరుదు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే రకం కాబట్టి రాసి ఉండననే నిశ్చయానికి వచ్చేశాడు.

లంచ్ వేళ చూసుకుని రికార్డ్స్ రూమ్‌లో దూరాడు. అరగంట వెతికినా ఫైలు దొరకలేదు. అక్కడ ఫైళ్లను నంబరులోని చివరి రెండంకెలను బట్టి సర్దుతారు. పదేళ్లు అదే ఆస్పత్రిలో పని చేసి కూడా ఆ ముక్క తెలియదతనికి. గుమాస్తాల విషయాలు తెలుసుకుంటే పరువు తక్కువ కదా. చివరికి గుమాస్తానే పిలవాల్సి వచ్చింది.

ఆ గుమాస్తా వసంతకుమారిది నర్సాపురం. పేషెంటు వెళ్లిపోయాక కేస్ షీట్ మొదటి నుంచి చివరిదాకా చదివి, అందులో డాక్టర్ రాసిన ప్రతిదానికీ కోడ్ బుక్‌లో ఉన్న నంబరు వేయడం ఆమె పని. భర్తను ఫ్యాక్టరీలో లేఆఫ్ చేసి ఏడు నెలలైంది. ఇద్దరు పిల్లలతో ఆ ఇల్లు నడుస్తున్నది ఆమె ఉద్యోగం మీదే.

“హాల్వర్సన్ ఫైల్ తీసిచ్చి, నువ్వు వెళ్లి లంచ్ చేసి రా వసంతా” అన్నాడు.

ఆమె నిమిషంలో ఫైలు తెచ్చింది. కానీ కదల్లేదు.

“ఇది లాయర్లు అడిగిన ఫైల్ డాక్టర్ గారూ. మీరు ఏదైనా చేసేముందు ఒకసారి...”

“నీకు ఈ జాబ్‌కి రిఫరెన్స్ ఇచ్చిందెవరు?”

“మీరేనండీ.”

“మరి నాకు పాఠాలు చెప్పకు. నువ్వు నంబర్లు వేసుకునే మనిషివి. డాక్టర్ రాసిన దాంతో నీకేం పని?”

ఆమె వెళ్లిపోయింది. అతను కొత్త ఫారం తీసి, ‘పడని మందులేవీ లేవని పేషెంట్ చెప్పాడు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మిగతా వివరాలు టైపు చేసిన సమ్మరీ చూసి ఎక్కించాడు. తన చేతిరాత చదవడమంటే తనకే విసుగు. పాత పేజీని చించి ముక్కలు చేసి, బాత్రూమ్‌లో వేసి నీళ్లు వదిలాడు.

లంచ్ నుంచి వచ్చిన వసంతకుమారి ఫైలు తిప్పి చూసింది. కొత్త పేజీ దగ్గర ఆగింది.

“పాత పేజీ చదివారా డాక్టర్ గారూ?”

“పాత పేజీ ఏంటి? ఉన్నదే ఒక్క పేజీ. ఇంకోటి చూశానని ఎక్కడైనా అన్నావో, మర్నాటికి నీ జాబ్ ఉండదు.”

ఆ మాట ఊరికే అనలేదని ఆమెకు తెలుసు. ఫైలు తీసుకుని వెళ్లిపోయింది.

రెండు వారాలకు ఆస్పత్రి మీటింగ్ రూమ్‌లో విచారణ జరిగింది. కృష్ణమోహన్ నిజమే చెబుతానని ప్రమాణం చేసి మరీ కొత్త పేజీ చదివాడు. అది తన రాతేనని, అదే రోజు రాశానని అన్నాడు. తను చెప్పిన మాట చెప్పలేదంటుంటే మిసెస్ హాల్వర్సన్ అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. అతనికి సిగ్గేమీ కలగలేదు.

అప్పుడామె లాయరు ఒక కాగితం తీశాడు. పేషెంటు పోయిన వారానికే, కేసు వేయకముందు, ఆస్పత్రి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లిన, నంబర్లు వేసిన కోడింగ్ షీట్ అది.

“ఇందులో వి14.0 అని ఉంది. ఏంటిది డాక్టర్?”

కృష్ణమోహన్ నవ్వాడు. “నంబర్లు నా పని కాదు. రికార్డ్స్‌లో ఒకామె ఉంది, పిలిచి అడగండి. తప్పులు చేస్తుంటుంది పాపం.”

పిలిచారు. వసంతకుమారి వచ్చి షీట్ చూసింది.

“పెన్సిలిన్ పడదని దానర్థం” అంది. “డాక్టర్ రాయనిదే మేం నంబర్ వేయం.”

“నేనెక్కడ రాశాను, చూపించమనండి” అని కృష్ణమోహన్ లాయర్లతో అన్నాడు. ఆ వెంటనే తెలుగులో, గొంతు తగ్గించి, “పిల్లలున్నదానివి. ఆలోచించుకుని మాట్లాడు” అన్నాడు.

ఆమె ఆలోచించుకుంది. తెలుగులో కాక ఇంగ్లీషులో, గదిలో అందరికీ వినబడేలా జవాబిచ్చింది.

“మీరు చించేసిన పేజీలో ‘పెన్సిలిన్ పడదు, ఇవ్వొద్దు’ అని మీ చేత్తో మీరే రాశారు డాక్టర్ గారూ. ఆయన చావులో మీ తప్పేమీ లేదని చెప్పే కాగితం అదొక్కటే.”