ఆఖరి నాలుగు పేజీలు

"పేజీలేవి?"

జహీరుద్దీన్ సారు గొంతుకు, లైబ్రరీలో పేపరు చదువుతున్న వాళ్లంతా తలలెత్తారు. ఆయన చేతిలోని నవలకు ఆఖరి నాలుగు పేజీలు లేవు. బల్లకు ఇవతల, దాన్ని వాపసు తెచ్చిన సువార్తమ్మ కొంగు బిగించి నిలబడింది.

పేజీ మూల మడిస్తేనే మండిపడే లైబ్రేరియన్ ఆయన. "పద్నాలుగేండ్ల సంది నా లైబ్రరీల ఒక్క పేజీ పోలే. వరంగల్ల ఎవల్నన్నా అడుగు!" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. అలాంటాయనకు ఇప్పుడు తల కొట్టేసినట్టయింది.

"మీ ఆయన కార్డు ఇయ్యాల్టితోని ఖతం," అంటూ ఎర్రసిరా పెన్ను తీశాడు.

ఆరు నెలల కిందట మిల్లులో మిషన్ కింద కుడిచెయ్యి పోయినప్పటి నుంచి సువార్తమ్మ భర్త దేవదానం గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. దవాఖాన మందులు లేపలేదు, పాస్టరుగారి ప్రార్థనలు లేపలేదు. ఈ లైబ్రరీ పుస్తకాలే లేపి కూర్చోబెట్టాయి. ఈ వారమైతే అన్నం అడిగి మరీ తింటున్నాడు. ఇప్పుడు కార్డు పోతే ఎట్లా?

"ఆయన కాదు సారూ, చింపింది నేను," అంది తలెత్తి. "పొయ్యిల పెట్టిన."

"పొయ్యిలనా! తోబా తోబా! ఎందుకమ్మా?"

"ఏ కతైనా ఆఖరు ముందుగాల సదివే పాడలవాటు నాది. ఆయన గీ బుక్కు తెచ్చిన నాడే ఆఖరు తీసి చూసిన. అండ్ల కాళ్లు వోయిన పిలగాడు బతుకు మీద ఇరక్తితోని పాణం దీసుకుంటడు. మా ఆయన అది సదివితే నేనేం గావాలె? ఆయన సూడకముందే చింపేసిన. బుక్కు పెద్దదా సారూ, మనిషి పెద్దోడా? శిక్ష ఏదన్నుంటే నాకెయ్యుండ్రి. కార్డు ముట్టకుండ్రి."

అంతమంది ముందు ఒప్పుకున్నందుకు ఆమెకు రవ్వంత సిగ్గు కూడా వేయలేదు. గర్వంగానే ఉంది.

జహీరుద్దీన్ సారు పెన్నుకు మూత పెట్టేశాడు. అంతలో, ఇంత ఆలస్యమేమిటని వెతుక్కుంటూ దేవదానమే లోపలికి వచ్చాడు. సువార్తమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పొద్దన్నట్టు సారుకు కళ్లతోనే దండం పెట్టింది.

"ఏమైంది సారూ?" అన్నాడు దేవదానం, బల్ల మీది నవల చూసి.

సారు గొంతు సవరించుకున్నాడు. పేపర్ల వాళ్లంతా వింటుండగానే, "ఏం లేదు తమ్మీ. గీ బుక్కుల ఆఖరు పేజీలు ఎప్పుడో పోయినయి. నేను చూసుకోకుంట నీకిచ్చిన. తప్పు నాదే, మాఫ్ చెయ్యి," అన్నాడు. పద్నాలుగేళ్ల పరువును ఒక్క మాటతో వదిలేసుకున్నాడు మహానుభావుడు!

దేవదానం నవ్వాడు. పెళ్లాం వైపు తిరిగి, ఉన్న ఒక్క చేతినీ ఆమె భుజం మీద వేశాడు.

"పేజీలు ఉండె సారూ. గీ బుక్కు నిరుడే సదివిన. ఆఖరు మల్లొక్కసారి సదివి, నేను గూడ గట్లనే పోదామని తీస్కపోయిన. తీరా చూస్తే పేజీల్లేవు. ఇంట్ల ఉండేది మేమిద్దరమే... ఎవలు చింపిన్రో ఎర్కయింది, గందుకే పోలే."