ట్యూబ్‌లైటు కింది ఎలుకలు

మా ల్యాబు మీటింగులో అక్క మాట ముగించగానే అందరూ చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. ఎలుకలకు తిండి పెట్టేది నేను, బోన్లు కడిగేది నేను. పరిశోధకురాలన్న పేరు మాత్రం ఆమెది!

తెర మీద రెండు గీతలున్నాయి. కంట్లో వెలుగు పడగానే మామూలు ఎలుకల గీత ఎగిసిపడింది. చక్కెరను శక్తిగా మార్చే ఒక జన్యువును తీసేసిన ఎలుకల గీత నేలను కరుచుకుంది. ఆ జన్యువు లేకపోతే కంటి లోపలి తెర, రెటీనా, పనిచెయ్యదని అక్క తేల్చింది.

శ్రమ దోపిడీని చూస్తూ కూర్చునేవాడు మనిషే కాదు. లేచి నిలబడ్డాను.

"జన్యువూ లేదు, గిన్యువూ లేదు! ఆ ఎలుకల బోన్లు ఆర్నెల్లుగా పై అరలో ఉన్నాయి, ట్యూబ్‌లైటుకి జానెడు దూరంలో. మామూలువేమో కింద నీడలో హాయిగా ఉన్నాయి. అంత వెలుగులో తెల్లెలుకల కళ్ళు పోవా, అక్కా?"

పెద్దసారు ముఖం మాడిపోయింది. "మూడేళ్ళ పని బూడిదపాలు చేశారు కదయ్యా! ఎవరు పెట్టారు వాటినక్కడ?"

అక్క నావైపు ఒక్క క్షణం చూసింది.

"నేనే సార్. తప్పు నాదే. మళ్ళీ మొదట్నుంచి చేస్తాను."

ఆమె పరువు తీశాను. అనుకున్నదే జరిగింది. అయినా తల దించుకుని కూర్చున్నాను.

అక్క పొట్టి మనిషి. స్టూలెక్కితే గానీ ఆ అర ఆమెకు అందదు. పరీక్షలకు ఎలుకల్ని దించుకోవడానికి రోజూ అలా అవస్థ పడాలనే ఆ బోన్లను అక్కడికి ఎక్కించాను.