ఒకే తొట్టిలో స్నానం

ఆ బిల్డింగులో ఆదివారం బట్టలు ఉతక్కూడదు. గోడకి మేకు కొట్టకూడదు. ఖాళీ సీసా తీసుకెళ్ళి వీధి చివరి డబ్బాలో వేసినా, గలగలమందని ఎవరో ఒకరు కిటికీ తెరిచి చూస్తారు. ఓల్టెన్ ఊరే అంత. ఈ సంగతి గినీ పిగ్గులకి ఎవరు చెప్పాలి? పొద్దున్నుంచీ కోబి ఇంట్లో రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటూ, పొయ్యి మీద మరిచిపోయిన కెటిల్‌లా కీచుమంటున్నాయి.

తలుపు చప్పుడైంది. కింద వాటా ఏష్లిమన్ గారు.

"కోబి గారూ, ఇవాళ ఆదివారం."

"తెలుసండీ."

"మీకు తెలుసు. వాటికో?" అంటూ ఆవిడ లోపలికే వచ్చేసింది. "ఇన్నాళ్ళూ ఒకే ఆకు చెరోవైపు నుంచీ తిన్నాయి కదా! బ్రూనోకీ నెల్లికీ ఇప్పుడేం పుట్టింది?"

కోబి రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఆలస్యమూ అలవాటు లేదు, అబద్ధమూ అలవాటు లేదు.

"అది నెల్లి కాదండీ. నెల్లి పోయింది. నేనే చంపాను."

"అయ్యో! ఎలా?"

"రోష్టి పెట్టి. మా వ్రేని ఊళ్ళో లేదాయె, ఒక్కణ్ణీ కూర్చుని తినబుద్ధి కాలేదు. వెన్నలో వేయించిన బంగాళాదుంప కదా, వాసనకి అది లేచి నిలబడి మరీ అడిగింది. కాస్త పెట్టాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ పెట్టాను."

"మీ ఆవిడకి చెప్పారా?"

"మోకాలు బాగుచేయించుకుంటున్న మనిషికి ఫోన్లో ఎలా చెప్పనండీ? అసలే నా చేతిలో తులసి మొక్క కూడా బతకదంటుంది."

"మరి ఇదెవరు?"

"అద్దెకి తెచ్చాను."

అది వింతేం కాదు. ఆ దేశంలో గినీ పిగ్‌ని ఒంటరిగా ఉంచితే చట్టం ఊరుకోదు. అందుకే జోడు పోయినవాటికి తోడు అద్దెకిచ్చే ఆవిడ పక్క ఊళ్ళోనే ఉంది.

ఏష్లిమన్ గారు కళ్ళజోడు సర్దుకుంది. "నెల్లి చెవి మీద గోధుమరంగు మచ్చ ఉండేది. దీనికీ ఉందే!"

కోబి తల దించుకున్నాడు. "నేనే పూశాను. వ్రేని అలమారులో ఒక ట్యూబు దొరికింది. తెల్లవెంట్రుకలు కనబడకుండా పాపిట్లో పూసుకుంటారే, కడిగితే పోయే రంగు. అదీ."

"వ్రేనీనా? ఆవిడ తల వెండిపళ్ళెంలా ఉంటుంది కదండీ! నేను దేనికీ రంగు పుయ్యనని వాషింగ్ మెషీన్ దగ్గర నాకెన్నిసార్లు చెప్పిందో!"

"సగం ట్యూబు వాడేసి ఉంది. పక్కనే చిన్న కుంచె కూడా. పాపం, దాచుకుని పూసుకుంటోంది. పూసుకున్నా ఏమీ తేడా తెలియడం లేదని ఎవరు చెప్తారు? నెల్లిని చంపింది చాలక, ఆవిడ గుట్టు కూడా చూసేశాను."

ఏష్లిమన్ గారు నిట్టూర్చి, "రెంటినీ ఒకే తొట్టిలో వేసి స్నానం చేయించండి. వాసన ఒకటైపోతే ఎవరెవరో తెలియక సర్దుకుంటాయి. మా అత్తగారినీ నన్నూ కూడా ఎవరైనా అలా ముంచి ఉంటే బాగుండేది," అని కిందికి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే ఫోను. వ్రేని.

"నాలుగింటి బండికి దిగుతున్నా. నా బ్రూనో ఎలా ఉన్నాడు?"

"బావున్నాడు."

"ఉండడూ మరి! వాడి ఈడువాళ్ళందరూ ఎప్పుడో పోయారు. వీడు ఇంకా కుర్రాడిలా గెంతుతున్నాడంటే నా పెంపకం. నెల్లి?"

"అదీ... ఉంది."

"సరే. ఒక్కటే మాట కోబీ, వాటికి నీళ్ళు మాత్రం తగలనివ్వకు. జలుబు చేస్తుంది."

కోబి ఫోను పెట్టేసి, తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు పోశాడు. చేసిన తప్పులకి ఇదొకటి ఎక్కువా?

నీళ్ళలో పడగానే రెంటికీ పౌరుషం చల్లారిపోయింది. భయంతో ఒకదాని మెడ కింద ఒకటి మూతి దూర్చుకున్నాయి. కొత్తదాని చెవి మీది మచ్చ కరిగిపోయింది. అది అనుకున్నదే, మళ్ళీ పూస్తే సరిపోతుంది.

కానీ బ్రూనో వీపు మీద, జీను వేసినట్టుండే పెద్ద మచ్చ కూడా పల్చబడింది. కోబి గాభరాగా రుద్దాడు. రుద్దినకొద్దీ పోయింది. బ్రూనో పాలలో ముంచి తీసినట్టు తేలాడు.

"షాంపూ ఎక్కువైంది," అని గొణుక్కున్నాడు కోబి. "దాన్ని తిండి పెట్టి చంపాను. వీణ్ణి స్నానం పోసి పాడుచేశాను."

రెంటినీ ఒకే తువ్వాల్లో చుట్టాడు. హాయిగా నిద్రపోయాయి. ట్యూబూ కుంచే తీసుకుని కూర్చున్నాడు గానీ, తడి వెంట్రుకల మీద రంగు నిలవడం లేదు. రైలు ఆలస్యమైతే బావుండునని బతుకులో మొదటిసారి అనుకున్నాడు. బండి టైముకే వచ్చింది.

చేతికర్రతో స్నానాలగది గుమ్మంలో నిలబడింది వ్రేని. తొట్టిలో గోధుమరంగు నీళ్ళు చూసింది. మొగుడి చేతిలో ట్యూబు చూసింది. తెల్లగా మెరుస్తున్న బ్రూనోని చూసింది. మొహం కందిపోయింది.

"వ్రేనీ, నేను..."

"నువ్వేం అనకు. తప్పు నాది." ఆవిడ తొట్టి అంచు మీద కూలబడింది. "బ్రూనో పోయిన చలికాలమే పోయాడు. నువ్వు తట్టుకోలేవని, నీకు తెలియకుండా ఇంకోణ్ణి తెచ్చి మచ్చ పెట్టాను. అప్పటినుంచీ పెడుతూనే ఉన్నాను. నీ మొహం చూడలేక చచ్చిపోతున్నాననుకో. క్షమించు కోబీ."

కోబి ట్యూబుకి మూత పెట్టాడు. వ్రేని కళ్ళు తుడుచుకుని, తువ్వాల్లోకి మరోసారి తొంగి చూసింది.

"అవునూ... నెల్లి మచ్చ ఏదీ?"

కోబి ఏం చెప్పాలో మీకెవరికైనా తోస్తే కాస్త తొందరగా చెప్పండి. కర్ర ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.