సీట్లో నల్ల డబ్బా

జిప్పు సగం తీయగానే రోజారాణి చేయి ఆగిపోయింది.

సంచిలో, పాత తువ్వాలలో చుట్టి, నల్లటి ఇనుప డబ్బా ఉంది. పిడికిలి కంటే కొంచెం పెద్దది. ఒళ్లంతా గాట్లు. నెత్తిన చిన్న పిడి.

కాగజ్‌నగర్ నుంచి కరీంనగర్ పోయే బస్సుకు ఆమె కండక్టర్. రెబ్బెనలో బస్సు ఆగీ ఆగనట్టు ఆగి కదిలింది. తాండూరు దగ్గర పడుతుంటే, మనిషి లేకుండా సంచి ఒక్కటే సీట్లో కూర్చుని ఉండటం చూసి తెరిచింది.

“గీ సంచి ఎవరిది సార్?” పక్క సీటు పెద్దమనిషిని అడిగింది.

“గళ్లంగీ ఆయనది బిడ్డా. ఒళ్లెకెళ్లి కింద పెట్టలే. పలకరిస్తె పలకలే. రెబ్బెనల దిగి ఎన్కకు సూడకుండ పోయిండు. మల్ల రాలే.”

రోజారాణి పుట్టిన ఊరు అడవి అంచున ఉంటుంది. చిన్నప్పుడు ఊరవతల కల్వర్టు కింద మందుపాతర పేలిన రోజు, బడి గోడ సున్నం రాలి ఆమె పలక మీద పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, దారిలో టిఫిన్ డబ్బా కనబడితే ఆ ఊళ్లో ఎవరూ కాలితో తన్నేవాళ్లు కాదు. చుట్టు తిరిగి పోయేవాళ్లు.

విజిల్ నోట్లో పెట్టుకుంది. ఊపిరి అందలేదు.

“హనుమండ్లన్నా, బండి ఆపు.”

డ్రైవర్ అద్దంలో ఆమె మొహం చూశాడు. ఎందుకని అడగలేదు. పత్తి చేన్ల మధ్య ఆపేశాడు.

“మెల్లగ దిగుర్రి. నూకులాడకుర్రి. ఆ సంచిని మాత్రం ముట్టకుర్రి,” అంటూ పెద్దమనిషే ముసలివాళ్లకు చేయి అందించి దింపాడు.

అందరూ పోయి చేను గట్టు వెనక కూర్చున్నారు.

“నా కోడి లోపట్నే ఉన్నది,” అంది శంకరవ్వ అనే ముసలామె.

“పోతె పోనియ్యవ్వా. పానం దక్కింది సాలదా?” అన్నాడు హనుమండ్లు.

“నీదా కోడి, పోనియ్యనీకి?”

ఎవరూ నవ్వలేదు.

రోజారాణి ఫోన్ తీసింది. వేలు ఒక అంకె మీద పెడితే ఇంకో అంకె పడుతోంది.

“జర ఆగు చెల్లె,” అన్నాడు హనుమండ్లు గొంతు తగ్గించి. “పోలీసులస్తరు. నువ్వెందుకు జిప్పు తీసినవని ముందుగాల నిన్నే పట్టుకుంటరు. డిపోల రాతలు, సంతకాలు, మెమోలు.”

ఆమెకు నౌకరి దొరికి ఇంకా ఏడాది కాలేదు. పేలితే ఒక భయం. పేలకపోతే ఇంకో భయం.

అప్పుడే పెద్దమనిషి లేచి బస్సు వైపు నడిచాడు.

“సార్, పోకుర్రి.”

“నాకు వేరే అనుమానమున్నది బిడ్డా. సూసొస్త.”

కిటికీలో ఆయన నెరిసిన తల సంచి మీదికి వంగింది. గట్టు వెనక ఒక్క దగ్గు కూడా లేదు. లోపల కోడి మాత్రం కొక్కొక్కొమంటోంది.

గర్ర్ర్.

రోజారాణి చెవులు మూసుకుని మట్టిలో మొహం పెట్టింది. ఎండిన పత్తికాయ చెంపకు గుచ్చుకుంది. ఎవరో దేవుణ్ణి తలుస్తున్నారు. మళ్లీ గర్ర్రుమంది.

ఏమీ కాలేదు.

తల ఎత్తేసరికి ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో నల్ల డబ్బా. ఇంకో చంకలో కోడి.

“బాంబు లేదు, గీంబు లేదు. లెక్కల మిషన్ ఇది. కాలిక్యులేటర్లు రాకముందు పరదేశంల చేసిండ్రు. గీసొంటివి నేను జమ చేస్త. పిడి తిప్పేటియి, మీటలు నొక్కేటియి, ఇంటి నిండ గివే. పళ్లెం పెట్ట జాగ లేదని మా ఇంటామె రోజు తిడ్తది.”

తన పేరు పర్శరాములనీ, ఉండేది కరీంనగర్‌లోననీ చెప్పాడు. అయినా ఎవరూ దగ్గరికి రాలేదు.

“అవ్వా, నీకెన్నేండ్లు?”

“ఓట్ల కార్డుల డెబ్బై.”

“డ్రైవర్ సాబ్, నీకు?”

“యాభై రెండు.”

డబ్బా పక్కన మీటలు జరిపి పిడి తిప్పాడు. మళ్లీ జరిపి మళ్లీ తిప్పాడు. పైన చిన్న కిటికీల్లో నూట ఇరవై రెండు పడింది.

“వాని ఏండ్లు తీస్కచ్చి నా మీదెందుకేస్తున్నవయ్య?” అంది శంకరవ్వ.

అప్పుడు నవ్వారు. అందరూ ఒక్కసారే, ఏడుపు కలిసినట్టు.

బస్సు కదిలింది. రోజారాణి సీటు కడ్డీ పట్టుకుని నిలబడింది. మరిచిపోయిన సామాను డిపోలో అప్పజెప్పాలి. ఎక్కడ దొరికింది, ఎవరు తెరిచారు, బస్సు మధ్యలో ఎందుకు ఆగింది, అన్నీ చెప్పాలి.

“ఫికర్ చెయ్యకు బిడ్డా,” అన్నాడు పర్శరాములు, ఆమె మొహం చూసి. “నేను బెల్లంపల్లిల దిగుత. ఠాణాల ఇచ్చి నా పేరే రాపిస్త. నీ పేరెందుకు నడిమిట్ల?”

బెల్లంపల్లిలో ఆమే సంచి జిప్పు వేసి, ఫుట్‌బోర్డు దాకా మోసి ఇచ్చింది. రెండు చేతులెత్తి దండం పెట్టింది.

మంచిర్యాల బస్టాండులోకి తిరుగుతుంటే ఎవరో బస్సు రేకును దబదబ కొడుతూ పక్కన ఉరికొచ్చారు. గళ్లంగీ. దుమ్ము కొట్టుకుపోయిన మొహం. వెనకాల, అతన్ని ఎక్కించుకొచ్చిన ఎవరిదో మోటర్ సైకిల్ ఇంజను ఇంకా కొట్టుకుంటోంది.

రోజారాణి తలుపు గట్టిగా పట్టుకుని, ఒకడుగు వెనక్కి వేసింది.

“ఎవలు నువ్వు? ఏం కావాలె?”

అతను రొప్పుతూ ఆమె భుజం మీదుగా తన ఖాళీ సీటు వైపు చూశాడు.

“పక్క సీటు పెద్దసారుకు మా తాత లెక్కల మిషన్ తీసి సూపెట్టిన మేడం. ‘బస్సు చానసేపు ఆగుతది, సంచి నేను సూస్కుంట, చాయ్ తాగి రాపో’ అని ఆయన అంటెనే దిగిన.”