కారుకు కప్పిన ధోతి

"ఏంది మామయ్యా ఇది?"

స్నేహలత కేక ఇంగ్లండులోని న్యూకాసిల్లో ఆ వీధి చివరిదాకా వినిపించే ఉంటుంది. ఆమె కారు ముందు అద్దం మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, మామగారి జరీ అంచు ధోతి పరుచుకుని ఉంది. పరుచుకోవడమంటే అలా ఇలా కాదు. గడ్డకట్టి, వేయించిన అప్పడంలా బిర్రబిగిసి, అద్దాన్ని కరుచుకుని ఉంది. వేలితో తడితే టకటకమంది.

గోపాల్‌రావు మంకీక్యాపు, రెండు స్వెట్టర్లు, ఆ పైన కొడుకు పాత కోటు తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నారు. "అద్దం మీద మంచు పడకుండ రాత్రే గుడ్డ కప్పాలెనని టీవీల చెప్పిండ్రు బిడ్డా. కప్పిన."

"కప్పాల్సింది పొడిగుడ్డ! తడిది కప్పితే గడ్డకట్టదా?"

ఆయన అటు చూశారు, ఇటు చూశారు. "ఉతికిన ధోతి గదా... కప్పినట్టు ఉంటది, ఎండేసినట్టు ఉంటదని..."

"మైనస్ ఐదు డిగ్రీలల్ల ఎండేసుడా మామయ్యా!"

టైము ఏడుకు పది నిమిషాలు తక్కువ. ఏడున్నరకల్లా ఆమె హాస్పిటల్లో, తన వార్డులో ఉండాలి. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే పైవాళ్ళకు రాసి పంపుతానని మేనేజర్ మార్గరెట్ మొన్ననే మొహం మీద చెప్పేసింది. ఆ మహాతల్లి ఉండేది ఎక్కడో కాదు, ఇదే వీధిలో నాలుగిళ్ళ అవతల. ఆ బెదిరింపు సంగతి స్నేహలత ఆరోజే మామగారితో చెప్పుకుని బాధపడింది.

"ఆగు బిడ్డా, ఉడుకు నీళ్ళు తెస్త."

"వద్దు! ఉడుకు నీళ్ళు పోస్తే అద్దం పటేల్మని పగుల్తది!"

ఆయన లోపలికి పరుగెత్తి అట్లకాడతో తిరిగొచ్చారు.

"అది అసలే వద్దు. గీతలు పడ్తయి."

"అయితే గుంజి పారేద్దాం." ధోతి కొసను రెండు చేతులా పట్టుకున్నారు.

"గుంజకుండ్రి! కింద వైపర్లు అతుక్కోని ఉన్నయి. అవి గూడ ఊడొస్తయి!"

ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి, లోపలి గాలిని ముందు సన్నగా, తర్వాత కొంచెం కొంచెం వేడిగా అద్దం మీదికి తిప్పింది. మంచు కరిగించే స్ప్రే తెచ్చి ధోతి అంచుల వెంబడి కొట్టింది. కరుగుతోంది, కానీ సర్కారు ఆఫీసులో ఫైలు కదిలినట్టు కరుగుతోంది.

"అది కరిగేదాంక లోపలికి పోయి చాయ తాగుదాం రా, బిడ్డా."

"ఇంజన్ నడుస్తుంటే కారు ఇడిచిపెట్టి పోవద్దు మామయ్యా. ఎవడన్న ఎక్కి తోల్కపోతడు."

"ధోతి కట్టిన కారును ఎవడు ఎత్కపోతడు?" అన్నారు గానీ, గొడుగు చేతబట్టుకుని కారు చుట్టూ కాపలా తిరగడం మొదలుపెట్టారు. ఆ వయసులో ఆ చలికి గజగజ వణుకుతూ తిరుగుతుంటే ఆమెకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఈలోగా స్నేహలత ప్లాస్టిక్ గీకుడు ముక్కతో పక్క అద్దాలు గీకింది, వెనక అద్దం గీకింది. టాప్ మీద మంచు కూడా చీపురుతో దులపసాగింది.

"ముందట కనపడితే సాలదా? పైన మంచు ఉంటే ఏమైతది?"

"బ్రేకు కొట్టంగనే మొత్తం జారి ముందట పడ్తది. పోలీసులు గూడ ఊరుకోరు." చీపురు ఎత్తినప్పుడు ఆమె చూపు నాలుగిళ్ళ అవతలికి పోయింది. "అయ్యో దేవుడా! మార్గరెట్ కారు అప్పుడే పోయింది!"

గోపాల్‌రావు టక్కున ఆగిపోయారు. "పోయిందా? మంచిగ చూడు బిడ్డా. ఎట్ల పోతది?"

"ఎట్ల పోతదేంది? తోల్కుంటే పోతది!"

ఏడూ ముప్పైరెండుకు ధోతి ఊడింది. మడత పడకుండా, నలగకుండా, తలుపు చెక్కలా నిటారుగా ఊడి వచ్చింది. గోపాల్‌రావు దాన్ని ఎదురుగా పట్టుకుని నిలబడితే మంకీక్యాపు తప్ప మనిషి కనబడలేదు. ఇంకోరోజైతే స్నేహలత పగలబడి నవ్వేది. ఇవాళ ఏడుపొచ్చింది. సీట్లో కూలబడి బెల్టు పెట్టుకుంటుండగా ఫోను మోగింది. మార్గరెట్. కారు స్పీకర్‌లో ఆవిడ గొంతు ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది.

"స్నేహా, వింత చూశావా! రాత్రి ఎవరో పుణ్యాత్ములు నా కారు అద్దానికి చక్కటి పొడిబట్ట కప్పి వెళ్ళారు. దానికి బంగారు రంగు అంచు కూడా! ఇలా తీస్తే అలా వచ్చేసింది, చుక్క మంచు లేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి అరగంట ముందొచ్చి, వార్డు తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని నీ కోసం చూస్తున్నాను. ఎక్కడున్నావు?"

ఇప్పుడే బయల్దేరానని గొణిగి స్నేహలత ఫోను పెట్టేసింది. కిటికీ దించింది.

"మామయ్యా, మార్గరెట్ కారుకు గూడ మీరే కప్పిండ్రా?"

గడ్డకట్టిన ధోతి వెనక నుంచి గోపాల్‌రావు గొంతు సన్నగా వినిపించింది. "చీకట్ల రెండు ధోతులు తారుమారైనయి బిడ్డా... తడిది ఆమెకు కప్పాల్సింది!"